ట్యాపెట్ల చప్పుడు

పోయిన నెల మా అల్లుడు తన కొత్త కారులో నన్ను మహానందికి తీసుకుపోయాడు. కరెంటుతో నడిచే కారు. కదిలిందో లేదో తెలియాలంటే కిటికీలోంచి చెట్లను చూడవలసి వచ్చింది. "శబ్దమే లేదు, చూసినారా మామా" అని అతను మురిసిపోతుంటే బాగుందన్నాను గాని, చప్పుడు చేయని బండి అంటే నాకు ఇప్పటికీ భయమే.

ఆ దారిలోనే మా నాయన బతుకంతా బాడుగ కారు తోలాడు. పాత పెట్రోలు కారు, ఆయన చేతికి వచ్చేనాటికే దానికి వయసు మీరింది. నంద్యాల స్టేషన్లో దిగిన యాత్రికులను మహానందికి, మామిడికాయల కాలంలో వ్యాపారులను బనగానపల్లెకు తిప్పేవాడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ ఇంజన్లకు ఒక టకటక ఉండేది. వాల్వులను నొక్కే ట్యాపెట్ల దగ్గర వెంట్రుకంత సందు వదులుతారు, ఆ చప్పుడు అక్కడిది. కారు వీధి మలుపులో ఉండగానే అది విని అమ్మ నాయనకు అన్నం వడ్డించేది.

తర్వాత సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసపు పొగ పిల్లల మెదడుకు చేటని తీసేశారు. అది మంచి పనే, నేను కాదనను. కానీ పాత ఇంజన్లలో వాల్వు వచ్చి కూర్చునే ఇనుప అంచు మెత్తనిదని, ఇన్నాళ్ళూ ఆ సీసమే పలచని పూతగా దాన్ని కాపాడిందని మాకెవరికీ తెలియదు. పూత పోయాక దెబ్బదెబ్బకూ అంచు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది, దిగేకొద్దీ ట్యాపెట్ల సందు మూసుకుపోతుంది, దానితోపాటే చప్పుడూ తగ్గుతుంది.

చప్పుడు తగ్గిందని నాయన సంతోషించాడు. స్టేషను దగ్గర తోటి డ్రైవర్లను పిలిచి మరీ వినిపించాడు. "ఏమప్పా, కొత్త పెట్రోలు తాగి ముసలిది ఎంత నిమ్మళంగా పోతాండాదో చూడు" అంటే, "నీకన్నా ముందు దానికే బుద్ధి వచ్చినట్టుండాదే" అని వాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు.

కొన్నాళ్ళకు గిద్దలూరు ఘాటులో, పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని పోతుండగా, కారు లాగలేక నిలిచిపోయింది. మేము చిచ్చా అని పిలిచే మెకానిక్కు, నాయనకు చిన్ననాటి స్నేహితుడు, తల ఒక పక్కకు వంచి ఇంజను విన్నాడు. "చప్పుడు తగ్గితే సంతోషపడితివా అన్నా? అది యాడికి పోయిందని చూసుకోవద్దా?" అన్నాడు మెల్లగా. విప్పి చూస్తే వాల్వులు సరిగా మూసుకోక అంచులు కాలిపోయి ఉన్నాయి. అరిగినచోట గట్టి ఉక్కు రింగులు బిగిస్తే బతుకుతుందని చిచ్చా అంటే, నాయన వాల్వులుండే ఇంజను పైభాగాన్ని, హెడ్డును, గోనెపట్టాలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కర్నూలు తీసుకుపోయాడు. రింగుల కోసం లేతు మిషను మీద కోస్తుంటే, ఇంజను చల్లబడటానికి లోపల నీళ్ళు పారే దారిలోకి అది తెగిపోయింది. ఏళ్ళ తరబడి రేడియేటర్లో పోసిన ఉప్పునీళ్ళకు లోగోడ తుప్పుపట్టి పలచబడి ఉందట. అందులో ఎవరి తప్పూ లేదు. ఇంకొక హెడ్డు కోసం కడప దాకా వెతికాడు గాని దొరకలేదు.

ఆ తర్వాత నాయన వేరేవాళ్ళ డీజిలు జీపు తోలాడు. దాని మోతలో బండి ఏం చెబుతుందో వినబడదని కొన్నాళ్ళు సణిగాడు, తర్వాత సణగడం మానేశాడు. కూరలో ఉప్పు మీద, రాని వానల మీద అమ్మతో పెట్టుకునే పోట్లాటలు కూడా ఒకటొకటిగా మానేశాడు. వయసు వచ్చి శాంతపడ్డాడని అమ్మ బంధువులతో సంతోషంగా చెప్పుకునేది. ఒకరోజు చిచ్చా వచ్చి, తల ఒక పక్కకు వంచి, నాయన దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "వదినా, అన్న శానా నిమ్మళంగా ఉండాడే" అన్నాడు. అవునని అమ్మ నవ్వింది. ఆ ఎండాకాలం దాటకుండానే నాయన పోయాడు.

చిచ్చా కూడా లేడు. ఆయన షెడ్డులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. తర్వాత వచ్చిన ఇంజన్లకు ఆ గట్టి రింగులు మొదటే బిగించి ఉంటాయట, అల్లుడి కారులో వాల్వులే లేవట. వీటిలోనూ చెడేది ఏదో ఉండే ఉంటుంది, తల వంచి వినేవాళ్ళు మాత్రం లేరు.

మహానంది నుంచి తిరిగి వచ్చి కారు మా వాకిట్లో ఎప్పుడు ఆగిందో నాకు తెలియలేదు. ఇంట్లో మా ఆవిడకూ తెలియలేదు. దిగి తలుపు తట్టవలసి వచ్చింది.