టీనా కూర్చున్న చోట

ఉప్పల్ స్టేడియంలో ఏ మ్యాచ్ జరిగినా జనం కంటే ముందు లోపలికి వెళ్లేవాడు నాచారం కానిస్టేబుల్ ఏలియా. మొదటి బంతి పడకముందే బయటికి వచ్చేసేవాడు. బాంబులను వాసనతో పట్టే పోలీసు కుక్క టీనాను నడిపించడం ఆయన పని.

పక్కింటి తారామణి ఊరుకునేది కాదు. "ఏం వదినా, అన్న అన్ని మ్యాచులకూ లోపల్నే ఉంటడు గదా, ఎవలెన్ని కొట్టిన్రో జర చెప్పమనరాదు" అని ఏలియా భార్య రూతును ఆటపట్టించేది.

"ఆయన కుర్చీల కిందనే చూస్తడు తారా. గ్రౌండు ఎట్లుంటదో ఆయనకు ఎరుక లేదు" అని రూతు నవ్వేది.

ఏలియా తండ్రి కాలంలో పోలీసు కుక్క అంటే దొంగ జాడ పట్టి పరుగెత్తేదే. గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో బాంబులు పేలిన తర్వాత టీనా లాంటి కుక్కల అవసరం పెరిగింది. టీనా పరుగెత్తేది కాదు, మొరిగేది కాదు. పేలుడు మందు వాసన తగిలితే దాని ముందు చప్పుడు చేయకుండా కూర్చునేది. అదే దాని మాట. అది కూర్చోగానే ఏలియా "శభాష్ బిడ్డా" అని జేబులోంచి పాత టెన్నిస్ బంతి తీసి ఇచ్చేవాడు. అంత కష్టానికీ దానికి ఆ బంతి చాలు.

దాని ముక్కు చెడకూడదని ఏలియా అత్తరు, పౌడరు మానేశాడు. దానికి పెట్టాకే తను తినేవాడు.

"నాకంటే గదే ఎక్కువ నీకు" అని రూతు మూతి ముడిస్తే, "నువ్వు తప్పు జేస్తే కూర మాడుతది. అది తప్పు జేస్తే..." అని ఆగిపోయేవాడు.

తెలంగాణ రావడానికి ముందు ఏడాది, మ్యాచ్‌కు ముందురోజు మధ్యాహ్నం, ఏలియా ఇంటికి వచ్చి అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ముద్ద ఎత్తలేదు.

"ఏమైందయ్యా?"

"పొద్దుగాల ప్రాక్టీసుకు నేనే మందు మూట దాచిపెట్టిన. టీనా దాని పక్క నుంచే పోయింది. మల్ల తిప్పిన. మల్ల గట్లనే పోయింది."

రూతు లేచి తలుపు దగ్గరికి వేసింది. ఈ సంగతి బయటికి వస్తే టీనాను పనిలోంచి తీసేస్తారు. ఎవరి చేతికి ఇస్తారో తెలియదు.

"ఎవలన్న జూసిన్రా?"

"లేదు."

"మరేంది? ఎండకు సోలిందేమో. ఈ ఒక్కసారి కానియ్యి."

"రేపు ఆ కుర్చీల ఎవలో ఒకలు కూసుంటరు రూతూ. తారామణి పెనిమిటికి గూడ టికెట్ దొరికిందట."

రూతు చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెయ్యి కడుక్కుని, వెళ్లి పై అధికారికి చెప్పేశాడు.

మర్నాడు వేరే కుక్క స్టేడియమంతా తిరిగింది. ఏలియా గేటు బయట ట్రాఫిక్ చూశాడు. తారామణి భర్త అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇల్లు చేరాడు. ఆయన మూగసైగలు చూసి ఏలియా మనసారా నవ్వాడు.

టీనాను పనిలోంచి తీసేశారు. ఏలియా అర్జీ పెట్టుకుంటే కొన్నాళ్లకు దాన్ని ఆయనకే ఇచ్చారు. కానీ ఆ ముచ్చట ఎంతో కాలం సాగలేదు. ఆ చలికాలంలోనే గుండె ఆగి ఏలియా పోయాడు. రూతుకు మాటలు తగ్గిపోయాయి. టీనాకు పెట్టేది, ఆ తర్వాత తను తినేది.

తెలంగాణ వచ్చిన రాత్రి బస్తీ అంతా పటాకులు కాల్చారు. తెల్లారి రూతు తలుపు తీసేసరికి వాకిళ్ల నిండా కాలిన కాగితాలు. ముసలి టీనా గడప దాటి, ముక్కు ఎత్తి గాలి పీల్చింది. మెల్లగా నడిచి తారామణి ఇంటి ముందున్న పటాకుల కుప్ప దగ్గర ఆగింది. చప్పుడు చేయకుండా కూర్చుంది. మెడ తిప్పి పైకి చూసింది.

తారామణి చీపురుతో వచ్చింది. "ఏం వదినా, నన్ను ఊడ్వనియ్యదా ఇది?"

"జర ఆగు తారా. అది డ్యూటీల ఉన్నది."

రూతు లోపలికి వెళ్లి, కొయ్యకు వేలాడుతున్న ఖాకీ చొక్కా జేబులోంచి బంతి తెచ్చింది.

"శభాష్ బిడ్డా" అంది.

టీనా బంతిని నోట కరుచుకుని అప్పుడు లేచింది.