మలికిపురంలో సరంగు గారి కోసం

విజయవాడ నుంచి మలికిపురం వెళ్లడం కష్టమేమీ కాదు. పొద్దున్నే ప్యాసింజరెక్కితే పదింటికల్లా పాలకొల్లు. అక్కడ బస్సెక్కితే గంటలో రాజోలు. రాజోల్లో ఆటో. కాకపోతే ఎవరింటికి వెళుతున్నారో ముందుగా కనుక్కుని బయలుదేరండి. నేను ఆ ఒక్క పనీ చేయలేదు.

నేను వెళ్లింది గోదారి సరంగు ఇంటికి. ఫోన్లో ఒక ఆట ఉంది. అందులో ఓ దీవి, చుట్టూ నీళ్లు. మన తరఫున అందులో తిరిగే బొమ్మను అవతార్ అంటారు. నాకు యాభై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, బళ్లో లెక్కలు చెబుతాను. నా అవతార్ మాత్రం పచ్చ ఓణీలో గెంతులేసే పిల్ల. గోదారి సరంగన్నది ఆటలో ఆయన పేరు; సరంగంటే పడవ నడిపేవాడు కదా, ఆ బొమ్మకి ఎర్ర తలపాగా, బారెడు మీసాలు, ఒక పడవ.

పోయిన వేసవిలో మావారు పోయారు. చుట్టాలందరూ సర్దుకుని వెళ్లిపోయాక, మధ్యాహ్నాలు ఆ ఇంట్లో ఉండలేక, ఆ దీవిలో నా పడవలో ఊరికే కూర్చునేదాన్ని. రోజూ మూడింటికి సరంగు వచ్చి తన పడవ నా పక్కన కట్టేవారు. ఆయన తల మీద మాటలు తేలి, కాసేపటికి చెరిగిపోయేవి. "భోంచేసేరా?" లేదని నేనంటే, "అయితే లెగండి. చారన్నమైనా తినండి. నేనిక్కడే ఉంటాను." తినొచ్చేసరికి నిజంగా అక్కడే ఉండేవారు. అలా ఇరవై రోజుల పాటు నా చేత అన్నం తినిపించింది ఆ మీసాలాయనే. ఎదురుగా నిలబడి ఆయనకు ఒక్క దండం పెట్టాలి, అంతే నా పట్టుదల. ఒక సాయంత్రం ఊరు అడిగితే టక్కున గుర్తులు చెప్పారు: మలికిపురం, కొబ్బరి షెడ్డు వెనక సందు, ఆకుపచ్చ గేటు. పేరడగాలని నా బుర్రకు తట్టలేదు.

రాజోలు బస్సులో పక్క సీటావిడ చించినాడ వంతెన రాకముందే మొదలుపెట్టారు.

"ఎవరింటికండీ?"

"తెలిసినవాళ్లింటికండీ."

"ఎవరి తాలూకండీ వాళ్లు?"

ఏం చెప్పను, నా ఖర్మ. "ఆయనకి పెద్ద మీసాలుంటాయండీ," అన్నాను.

"ఆయ్," అని ఆవిడ తన సంచీ అటువైపుకి మార్చుకున్నారు.

రాజోల్లో ఆటో ఆయన అంతకన్నా నయం, నవ్వేశాడు. "కొబ్బరి షెడ్లూ, ఆకుపచ్చ గేట్లూ మలికిపురంలో పాతికేసున్నాయండీ." మూడు గేట్లు తట్టి, మూడు కుక్కల చేత మొరిగించుకునేసరికి పన్నెండున్నర. తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగో గేటు తీసినాయన జాన్ మాస్టారు, రిటైరైన టీచరు. ఆటలో నా పేరు చెప్పగానే నన్ను తేరిపార చూశారు.

"పచ్చ ఓణీ అమ్మాయి మీరేనాండీ?"

"సరంగు గారు మీరేనా?"

"ఆయ్."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించబోతుంటే ఆయన కొడుకు ప్రభుదాస్ గారు బయటికొచ్చి, "నేను కూడానండీ," అన్నారు. ఆయన వెనక డిగ్రీ చదివే కూతురు సునీత, "ఎక్కువ నేనేనండీ!" అంది.

నన్ను భోజనానికి కూర్చోబెట్టి విషయం చెప్పారు. కరోనాలో సునీత క్లాసులకని కొన్న ట్యాబ్ ఇంటిల్లిపాదికీ ఒక్కటే. ట్యాబ్ ఒక్కటే కాబట్టి బొమ్మా ఒక్కటే. పొద్దున మాస్టారు, కాలేజీ నుంచి వచ్చాక సునీత, కొబ్బరి దుకాణం కట్టేశాక ప్రభుదాస్ గారు. "మనిషికో బొమ్మెందుకండీ, దండగ," అన్నారాయన.

నా ఒళ్లు మండిపోయింది. ఒక మనిషనుకుని నేను ఏడ్చింది ఒక కమిటీ ముందా?

"మధ్యాహ్నం మూడింటికి ఎవరండీ?" అన్నాను.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "ఆ టైముకి ట్యాబ్ వంటింట్లో చార్జింగులో ఉంటుందండీ," అంది సునీత.

"వంటింట్లో ఉండేది మా రత్నమేనండీ," అని ప్రభుదాస్ గారు పెద్దగా నవ్వారు. "ఆవిడకి టీవీ రిమోటే తెలీదు." వడ్డిస్తున్న ఆయన భార్య రత్నం గారు కూడా నవ్వి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లారు.

రొయ్యల ఇగురు, ములక్కాడ పులుసు. వంక పెట్టడానికి లేదు. కానీ నాకు ముద్ద దిగితేగా? మళ్లీ అడిగాను. మాస్టారు ఎంతో మర్యాదగా, "మేమేనండీ, ఎవరో ఒకరం," అన్నారు. ఆ "ఎవరో ఒకరం" నేను భరించలేకపోయాను. సగం అన్నం వదిలేసి, బస్సుకి టైమైందని లేచాను. ఫోటో దిగుదామన్నారు. దిగాను. ఎవరికి దండం పెట్టాలో తెలియక ఎవరికీ పెట్టకుండా గేటు దాటాను.

రాజోల్లో రెండూ నలభైకి బస్సు దొరికింది. ఇంత దూరం వచ్చి నేను కనుక్కున్నది ఏమిటంటే, ఆ సరంగు అనే మనిషే లేడని. ఈ దిక్కుమాలిన ఆటని ఇప్పుడే తీసి పారేద్దామని ఫోను తెరిచాను. సరిగ్గా మూడయింది. బస్సు చించినాడ వంతెన మీదికొచ్చింది.

సరంగు అప్పటికే పడవ కట్టి ఉన్నారు.

"అన్నం సగం వదిలేసేరు."

మళ్లీ మాటలు తేలాయి. "మీ సంచిలో డబ్బా పెట్టేను. తినండి. నేనిక్కడే ఉంటాను."

సంచి తీస్తే అడుగున చిన్న స్టీలు డబ్బా, నిండా కొబ్బరి లౌజు ఉండలు. నేను చెప్పులు వేసుకుంటుంటే ఎప్పుడు పెట్టారో!

"రత్నం గారూ! ఎదురుగానే ఉన్నారు కదా, చెప్పలేదేమండీ?"

ఎర్ర తలపాగా మీద జవాబు తేలింది. "మూడింటి నుంచి నాలుగింటి దాకా నేనే సరంగునండీ. చెప్తే ఆ గంటకి కూడా వాటాకొస్తారు. మావాళ్లతో అనకండేం."

బస్సులో అందరూ చూస్తున్నా సరే, డబ్బా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఫోనుకి దండం పెట్టాను. తర్వాత ఒక లౌజు నోట్లో వేసుకున్నాను. పొద్దుటి నుంచి నేను ఇష్టంగా తిన్నది అదే.

పక్క సీటులో కొత్తాయన ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఉండబట్టలేక అడిగారు.

"మలికిపురంలో ఎవరింటికొచ్చేరండీ?"

"సరంగు గారింటికండీ," అన్నాను.