అల్లూరుకొచ్చిన రాతిపువ్వు

రాతిపువ్వును మొదటిసారి చూసినవాళ్ళెవరూ దాన్ని తినే వస్తువని అనుకోరు. ఒక వైపు బూడిద రంగు, ఇంకో వైపు నలుపు, అంచులు ముడుచుకుపోయి కాలిన కాగితం ముక్కల్లా ఉంటుంది. అల్లూరు బజారులో మా మసాలా అంగడికి కొత్తగా వచ్చినవాళ్ళు డబ్బాలోకి తొంగి చూసి, "ఏందక్కా, చెత్త దాచిపెట్టుకోనుండావా" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చెత్త లేకపోతే మా బిర్యానీ మసాలా మసాలాయే కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే దానికి పెద్ద వాసనుండదు. కాగిన నూనెలో పడ్డాకే అసలు గుణం బయటపడుతుంది. పొగ కలిసిన అడవి వాసన ఒకటి లేచి, మాంసాన్ని పట్టుకుని ఇక వదలదు.

పేరుకే పువ్వు. అది పువ్వూ కాదు, ఆకూ కాదు, అసలు మొక్కే కాదు. బూజు జాతిదొకటి, పాచి జాతిదొకటి కలిసి చేసుకునే కాపురం అది. బూజు ఇల్లు కట్టి తడిని పట్టి ఉంచుతుంది, పాచి ఎండతో వంట చేసి ఇద్దరికీ పెడుతుంది. వేళ్ళుండవు. చలి కొండల మీద చెట్టు బెరడునో బండనో పట్టుకుని, మంచు తాగి, గాలి తిని బతుకుతుంది. ఆయుర్వేదం అంగళ్ళలో దీన్నే శైలేయం అని అమ్ముతారు. ఇంకా చలి దేశాల్లో దీని చుట్టాలతో ఉన్నికి రంగులు వేస్తారట, నేలంతా మంచు కమ్మిన నెలల్లో అక్కడి జింకలు వాటినే మేసి ప్రాణం నిలుపుకుంటాయట. ఇవన్నీ నేను తరువాత తెలుసుకున్న సంగతులు. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, అది లేకపోతే నా అంగడి ఉండదని.

నాయన పోయాక అంగడి నేను నడుపుతానన్నాను. మా అన్నకు ఇష్టం లేదు. జువ్వలదిన్నె హార్బరులో ఐసూ చేపల పెట్టెలూ అమ్మే వ్యాపారం ఆయనది. మా ఊరి చుట్టూ వరిమళ్ళు రొయ్యల గుంటలవుతున్నాయి కాబట్టి, మా అంగడిని రొయ్యల మేత డిపో చేయాలని ఆయన ఆశ. నాతో గొడవ పడీ పడీ చివరికి ఒక మాటకు వచ్చాడు.

"నాయన చేతి కోసం వచ్చినోళ్ళు నాయనతోనే పోతారుమే. రంజాన్ అయినాక పెళ్ళిళ్ళు మొదలవుతాయి గదా. మొదటి పెళ్ళికి వంట మాస్టరు నీ కాడ మసాలా తీసుకుంటే అంగడి నీది. లేదంటే మేత డిపో."

సరేనన్నాను. వంట మాస్టరంటే మా వైపు సాయిబుల పెళ్ళిళ్ళన్నిటికీ బిర్యానీ వండే పెద్దాయన. ఆయన మెచ్చితే ఊరు మెచ్చినట్టే. ఆయన నాయన దగ్గర తప్ప ఇంకెక్కడా మసాలా కొని ఎరగడు, నా దగ్గర మాత్రం ఎందుకు కొనడనే ధీమా నాది.

ఆ శీతాకాలమే చిక్కు వచ్చిపడింది. కొడైకెనాల్ వైపు కొండ ఊరి వ్యాపారి ఏటా పంపే రాతిపువ్వు పంపలేదు. ఇంకొకరి దగ్గర తెప్పిస్తే అందులో సగం బెరడు, మట్టి, ఏవేవో నాచులు. మాస్టరు ఒకరోజు అంగడికి వచ్చి, తన అలవాటు ప్రకారం గరిటెలో నూనె కాచమని, దాంట్లో చిటికెడు వేసి వాసన చూశాడు. మొహం చిట్లించాడు.

"చేదు తగలతాంది పాపా. ఇది ఏస్తే నా పేరు పోతది. మంచిది దొరక్కపోతే నెల్లూరులో ప్యాకెట్లు తెచ్చుకుంటా. ఏమనుకోబాక."

అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ పూట అన్నం సహించలేదు. మరుసటి పూటకు మొండితనం వచ్చింది. బండ మీద పెరిగేది మా ఊళ్ళో ఎందుకు పెరగదు? మేమే పెంచుకుంటే ఒకరిని దేబిరించే పనేముంది?

అమ్మను తోడు తీసుకుని మద్రాసు మీదుగా ఆ కొండ ఊరికి పోయాను. వ్యాపారి తమిళాయన, రాతిపువ్వును కల్పాసి అంటాడు. గీకేవాళ్ళు చెట్లను బోడి చేసేశారని, అందుకే ఈ ఏడు తీయించలేదని చెప్పాడు. తోటలో గాలికి విరిగిపడిన సిల్వర్ ఓక్ కొమ్మలు కొన్ని, వాటిని పట్టుకుని బతికున్న రాతిపువ్వుతో సహా ఇచ్చాడు. పెంచుతానంటే మాత్రం నవ్వాడు. మేమే ఎప్పుడూ పెంచలేదు, అది పెరుగుతుంది, మేము గీకుతాం, అంతే అన్నాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు.

కొమ్మలను తడి గుడ్డల్లో చుట్టి తెచ్చి పెరట్లో నీడన పెట్టాను. మా ఇంట్లో ఏది వాడిపోతున్నా మొదట చేసే పని బోరు నీళ్ళు చల్లడం. అదే చేశాను. రొయ్యల గుంటలు వచ్చాక మా బోరు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పు. కరివేపాకు చెట్టయితే వేళ్ళతో ఏవో తంటాలు పడుతుంది. దీనికి వేళ్ళే లేవు, ఒళ్ళంతా నోరే. వారం తిరక్కుండానే తెల్లగా ఉప్పు పేరుకుని సగం కొమ్మలు పాడైపోయాయి.

ఆ తరువాత తాగే నీళ్ళ క్యాను తెప్పించి దాంతోనే తడిపాను. ఇక మిగిలింది వేడి. చలి కావాలంటే మా తీరంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హార్బరు ఐసు. అన్న గోడౌనుకు పోయి పాత థర్మాకోల్ చేపల పెట్టె ఒకటీ, రోజూ కాస్త ఐసూ అడిగాను.

"చేపల పెట్టెలో కొడైకెనాల్ పెడతావా" అన్నాడు.

"పెడతా. ఇస్తావా, ఇయ్యవా?"

ఇచ్చాడు. నేను ఓడిపోతానని ఎంత నమ్మకమో, ఐసు కూడా మనిషితో తనే పంపేవాడు.

పెట్టెను చింతపండుతో, కుంకుడు రసంతో తోమీ తోమీ నా చేతులు పగిలాయి. అడుగున ఐసు, పైన జల్లెడ, జల్లెడలో కొమ్మలు. పొద్దున తడపడం, మధ్యాహ్నం తడపడం, మూత తీసి చూడడం. బాలింతకు కూడా ఎవరూ అంత సేవ చేసి ఉండరు. ఒక కొమ్మ మాత్రం పొడుగై పెట్టెలో పట్టలేదు. అమ్మ దాన్ని పెరటి గోడకు ఉత్తరం వైపు, చూరు కింద మేకుకు తగిలించింది.

పెట్టెలోవి కొన్నాళ్ళకే మెత్తబడ్డాయి. రాతిపువ్వుకు తడి ఎంత అవసరమో, నడుమ నడుమ ఎండిపోవడం కూడా అంతే అవసరమని నాకు తెలియదు. మంచుకు తడిసి, ఎండకు బిరుసెక్కి, మళ్ళీ తడిస్తేనే ఆ కాపురం నిలుస్తుంది. ఎప్పుడూ నానబెడితే కుళ్ళిపోతుంది. కుళ్ళకుండా మిగిలిన గోరంత ముక్కను నూనెలో వేసి చూశాను. ఇల్లంతా చేపల వాసన. అమ్మ వచ్చి మూకుడులోకి తొంగి చూసింది.

"బిర్యానీకి పనికిరాదు గానీ, పులుసులోకి బాగుంటాదిమే."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏడుపే ఎక్కువ.

మూకుడు తోముతుంటే ఒక ఆలోచన తగిలింది. గోరంత ముక్క ఇల్లు నిండేంత చేపల వాసన మోసిందంటే, మంచి ముక్క తన సొంత వాసన ఇంకెంత మోయాలి? నాయన పద్ధతిలో రాతిపువ్వును మిగతా దినుసులతో పాటు మిద్దె మీద ఎండబెట్టి, పిడికిళ్ళ కొద్దీ పొడి కొట్టి కలుపుతాం. ఆ పొడి వంటలో పెరుగుతో కలిసి మాంసానికి పడుతుంది, కాగిన నూనె దానికి సరిగా తగలనే తగలదు. అందుకే అంత కావలసి వస్తోంది. విడిగా ఉంచి, అన్నిటికన్నా ముందు నూనెలో వేస్తే? డబ్బా అడుగున మిగిలిన పాత రెబ్బలతో ఇంట్లో వండి చూశాను. చిటికెడు చాలింది. పాతవి ఆ వంటలకే అయిపోయాయి.

ఇక మంచి రాతిపువ్వు ఉన్నది గోడ మీద కొమ్మకే. ఎవరూ పట్టించుకోకపోవడమే దానికి మేలు చేసింది. రాత్రి మంచుకు తడిసేది, పగలు ఎండిపోయేది. పొద్దున పోయి చూస్తే బూడిద రంగు మీద లేత పచ్చదనం తేలి ఉండేది. పెరిగిందా అంటే లేదు. ఏడాదంతా ఆగినా నువ్వుగింజంత పెరిగితే గొప్పేనని కొండ వ్యాపారి ఫోనులో చెప్పాడు. అయినా మా ఊళ్ళో, ఈ ఉప్పుగాలిలో, అది బతికింది. దాని మీద నాకు ప్రేమ పుట్టింది, దాచడమెందుకు.

రంజాన్ అయింది. మొదటి పెళ్ళి మనుబోలులో కుదిరింది. ఎండలు అప్పటికే ముదురుతున్నాయి. రోహిణీ కార్తె దాకా ఆ కొమ్మ నిలవదని నాకు తెలుసు. చెంచా తీసుకుని పెరట్లోకి పోయి, నా చేతులతోనే రాతిపువ్వంతా గీకాను. బతికించుకున్నదాన్ని గీకడమేమిటనిపించింది. కానీ నేను తోటమాలిని కాదు, మసాలా అంగడిదాన్ని. గుప్పెడు కూడా రాలేదు.

మాస్టరు దగ్గరికి పోయి, ఈసారి రాతిపువ్వు పొడిలో కలపలేదని, విడిగా తెస్తానని, ముందుగా నూనెలో వేయాలని చెప్పాను.

"నా వంటకు ఇంకొకరు దారి చూపేది ఎప్పుడూ లేదు పాపా" అన్నాడు.

"చూపను. నేను పక్కనుంటా, ఎప్పుడు వెయ్యాల్నో చెప్తా. వేసేది మీరే."

"ముందు ఒక డేగిసాకే. బాగలేకపోతే మిగతాటికి ప్యాకెట్లు. అవి దగ్గర పెట్టుకోనే ఉంటా" అన్నాడు.

పెళ్ళినాడు పొద్దున అన్నే నన్ను వ్యానులో మనుబోలు తీసుకుపోయాడు. షామియానా వెనక కట్టెల పొయ్యిల మీద డేగిసాలు ఎక్కాయి. నూనె కాగింది. మాస్టరు నా వైపు చూశాడు. నూనె మీద సన్నగా పొగ ఆడేదాకా ఆగి, "ఇప్పుడు" అన్నాను. చిటికెడు వేశాడు. రెబ్బలు చిటపటమని ముడుచుకున్నాయి, ఆ వెంటనే వాసన లేచింది. పక్కన ఉల్లిపాయలు తరిగేవాళ్ళు తలలెత్తారు. మాస్టరు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. రెండో డేగిసాలో నూనె పోసి, నా ముందుకు చెయ్యి చాపాడు. ప్యాకెట్ల సంచి మూతి విప్పనేలేదు.

డేగిసాలన్నీ దమ్ముకు పెట్టాక మాస్టరు అన్నతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. "వచ్చే వారం కావలిలో ఉండాది. అక్కడికీ ఇట్నే తీసుకురా."

తెస్తానని తల ఊపి, అంగట్లో పడున్న ఆ చేదు సరుకులోంచి ఏరి ఇస్తే ఎవరికీ తెలియకపోవచ్చు. అన్న పక్కనే ఉన్నాడు. అయినా చెప్పాను.

"లేదు మాస్టరుగారూ. ఉన్నదంతా ఇయ్యాలతో అయిపోయింది. కొండ మీద మళ్ళీ పెరిగి, మంచిది వచ్చేదాకా అది లేని మసాలానే ఇస్తా. లేదని చెప్పే ఇస్తా. చెత్త మాత్రం కలపను."

ఆయన భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అన్న నా మొహం చూడకుండా పొయ్యిల వైపు చూస్తున్నాడు.

"లేకపోతే లేకపోయిందిలే. ఉన్నదాంట్లో ఏది ఎప్పుడు వెయ్యాల్నో చెప్పేదానికి నువ్వు రా" అన్నాడు మాస్టరు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అన్న అంగడి మాట ఎత్తలేదు. రొయ్యల ధరల గురించి, ఎండల గురించి ఏదేదో మాట్లాడాడు. అల్లూరు దగ్గర పడుతుంటే నాకిక ఓపిక చాలలేదు.

"అంగడి ఇయ్యను, అన్నా" అన్నాను.

"ఇమ్మని ఎవరడిగినారు?" అన్నాడు.