దొర మీద పడ్డ పగ

మోత్కూర్ దగ్గరి మా ఊళ్లో పాములు కొట్టే వెట్టి మా పెద్దమ్మ జంగమ్మ ఇంటిది. దొర గడీలో పాము కనిపిస్తే వాళ్లే ఉరకాలి. పెదనాయన కురుమయ్యను నాగుపాము కోసం గడ్డివాములోకి తోలింది దొరే. అది కరిచాక, మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతామంటే, ముందు పాము సంగతి చూడండన్నదీ దొరే. ఆ మనిషి వాము పక్కనే ప్రాణం విడిచాడు. ఆ వెట్టి పెద్దమ్మ మెడకు పడింది. ఆమె కడుపుమంట మాత్రం చల్లారలేదు.

నైజాం పాలన ఇంకో ఏడాదికి పోతుందనగా, వానాకాలంలో దొర పడకగదిలో పాము కనబడింది.

"జంగీ, ఏడ సచ్చినవే? జల్ది రా."

చీపురుపుల్లకన్నా కాస్త లావు. నల్ల తల, ఇసుక రంగు ఒళ్లు. అలికిడి కాగానే తోక చుట్టి పైకెత్తింది. తోక అడుగున నీలం, పొట్ట కింద పగడపు ఎరుపు. విషమున్న జాతే కానీ, రాలిన ఆకుల కింద దాక్కుని బతికే పిరికిది. మా ఊళ్లో అది ఎవరినీ కరిచిన జాడ లేదు. పెద్దమ్మకు అది తెలుసు. పరుపులు తప్ప ఆకులు ఎరగని దొరకేం తెలుసు?

"కర్ర నీ చేత్తోటి ఇయ్యి దొరా. పడకింట్ల పాముకు ఇంటాయన చెయ్యి తగలాలె."

అలాంటి ఆచారం మాకు లేనే లేదు. దొర ఇచ్చాడు. పెద్దమ్మ పాము తోక మీద తగిలీ తగలనట్టు ఒకటి వేసి, అది గోడ సందులో దూరేదాకా చూస్తూ నిలబడింది.

"తప్పిచ్చుకున్నది. దెబ్బతిన్న పాము పగ పడుతది, నీకు ఎర్కే గద. కర్ర నీదాయె."

దొర ఆ గదిలో పడుకోవడం మానేశాడు. గోడలు తవ్వించాడు, పుట్టలో పాలు పోయించాడు. కంచం ఎత్తి కింద చూసుకుంటే గానీ ముద్ద దిగేది కాదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు నిండేది. చివరికి తనే మా వాడకు వచ్చాడు.

"జంగమ్మా, గీ పగ ఎట్ల పోతది? ఏం గావాల్నో అడుగు."

పెద్దమ్మ జొన్నలు విసురుతోంది. చెయ్యి ఆపలేదు.

"నాకేం వద్దు. గడ్డివాముల సచ్చినాయన పేరు చెప్పి మొక్కు, గంతే. మొగని పేరు నేను పలకరాదు. నువ్వే పలుకు."

దొర నోరు తెరిచాడు. వెంట వచ్చిన జీతగాడి వైపు చూశాడు. వాడు తల దించుకున్నాడు.

"గదే... వాడు..."

పెదనాయన పుట్టినప్పటి నుంచి గడీ చాకిరీ చేసిన మనిషి. 'ఒరే' అని తప్ప దొర ఏనాడూ పిలవలేదు.

"యాదికొచ్చినంక రా దొరా," అంది పెద్దమ్మ. "అప్పటిదాంక గా పాము నీ ఇంట్లనే ఉంటది."