ఒక రోజు ముందు నడిచిన గీత

మా ఆవిడ కంప్యూటర్‌లో గీసిన గీతను చూసి ముందుగా ఎగిరి గంతేసింది నేనే.

ఎల్బీ నగర్‌లో నాది ఎలక్ట్రికల్ షాపు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ప్రోగ్రామింగ్ చెబుతుంది. షేర్ల చార్టులు చూపించే సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎస్‌ఐ అని ఒక గీత ఉంటుంది. ధర ఎంత జోరు మీద ఉందో చెబుతుంది. దానికి మెరుగులు దిద్ది, ప్రోగ్రాం రాసి సొంత గీత తయారు చేయాలని ఆమె పట్టుదల. షేర్ల గురించి నాకు తెలిసింది తక్కువ, మాట్లాడేది ఎక్కువ.

నాదర్‌గుల్‌లో ప్లాటు అమ్మిన మా నాయన, ఆ డబ్బంతా కోడలి గీతను నమ్మి షేర్లలో పెడతానని కూర్చున్నాడు. "బయటోళ్ల మాటలెందుకు, మన పిల్లనే ఉన్నది గద" అనేవాడు.

ఆ ఆదివారం పొద్దున ఆమె తన గీతను పాత ధరల మీద వేసింది. ధర పడబోయే ముందే అది కిందికి తిరిగింది, లేవబోయే ముందే పైకి లేచింది. నేను ఆగలేక నాయనను పిలిచి చూపించేశాను. ఆయన మురిసిపోయి హాల్లో కూర్చుని, ఏ షేర్లు కొనాలో ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాడు.

ఆమె ముఖంలో మాత్రం సంతోషం లేదు. "నేనింకా మార్పులేవీ చేయలేదండీ. ముందు మామూలు ఫార్ములానే రాశాను. సాఫ్ట్‌వేర్ గీత మీద నా గీత అచ్చంగా పడాలి. అప్పుడే మిగతా పని" అని రెండింటినీ ఒకచోట పెట్టింది. ఆకారం ఒకటే. ఆమెది ఒక రోజు ముందు నడుస్తోంది.

"ఇంకేంది మరి! సాఫ్ట్‌వేరోళ్ల కంటె ఒక దినం ముందే ఉన్నవ్. గెలిచినవ్ పో!" అన్నాను.

"అదే భయంగా ఉంది. రేపటి ధర నా గీతకు ఇవాళే ఎలా తెలుస్తుంది?"

అన్నం చల్లారిపోతోందని విసుక్కున్నాను. ఆమె కదల్లేదు. ఒక్కో తేదీకి సాఫ్ట్‌వేర్ అంకెను నా చేత చదివించి, తన అంకెతో పోల్చుకుంటూ పోయింది. చివరికి దొరికింది. నిన్నటి ధరనూ ఇవాళ్టి ధరనూ పోల్చాల్సిన చోట ఇవాళ్టిదీ రేపటిదీ పోల్చింది. పాత చార్టులో రేపటి ధర కూడా ఉంటుంది కాబట్టి గీత దాన్ని చూసేసింది. నడుస్తున్న మార్కెట్‌లో ఆ ధర ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరిచేయగానే రెండు గీతలూ కలిసిపోయి ఒక్కటే కనిపించింది. పొద్దుటి మహిమంతా ఎగిరిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆమె మాత్రం హమ్మయ్య అనుకుంది. అందరూ తెలివి అని చంకలు గుద్దుకునే చోట ఆమె తప్పును వెతికింది. ఆ బుద్ధి నాకు ఏడు జన్మలెత్తినా రాదు.

"తప్పని చెప్పకు, ఇంకో వారం టైం పడ్తదని చెప్పు" అని గుసగుసలాడాను. ఆమె వినిపించుకోకుండా నేరుగా హాల్లోకి వెళ్లింది.

"మామయ్యగారూ, పొద్దున మీరు చూసింది తప్పండీ. ఆ తప్పు నాదే. దీన్ని నమ్మి రూపాయి కూడా పెట్టకండి."

నాయన ఫోన్ మీంచి తలెత్తి ఆమెను చూశాడు. "నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె?" అన్నాడు.

"తెలిసేది కాదండీ. డబ్బు పోయాకే తెలిసేది."

ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. "రేపు బ్యాంకుకు పోదాం బిడ్డా. గా పైసలు మనిద్దరి పేరు మీద ఏద్దాం. నీ సంతకం లేనిది నేను ఒక్క పైస ముట్ట."

నా పేరు కూడా పెట్టమని నేను అడగలేదు.