అడాజన్‌లో కదలని కారు, జోల్వాలో తొట్టెల

వరంగల్లులో నేను రైలెక్కేసరికి దీపాలు పెట్టే వేళయింది. సూరత్‌లో ఉండే మా సరోజక్కకు రెండో మనవరాలు పుట్టింది. ఆదివారం తొట్టెల పండుగ, అంటే పాపను ఉయ్యాలలో వేసే వేడుక. "నువ్వు రావాల్సిందేనే సుజాతా. నేనే కారు నడుపుకుంట తీస్కపోత," అని అక్క ఫోన్‌లో చెప్పింది. నన్ను కదిలించింది ఆ రెండో మాటే. సైకిల్ కూడా తొక్కని మా అక్క యాభై దాటాక కారు నడపడం చూడాలనిపించింది.

స్లీపర్‌లో కింది బెర్తు దొరికింది. ఎదురుగా కరీంనగర్ వైపు పెద్దమ్మ ఒకామె కొడుకు దగ్గరికి పోతోంది. కొడుకు సూరత్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడట. నేను కొత్తగా పోతున్నానని తెలిసి ధైర్యం చెప్పింది. "మనోళ్లు లేని గల్లి లేదు బిడ్డా ఆడ. తెలుగుల తిట్టినా ఎవడో ఒకడు తిరిగి సూస్తడు." ఇద్దరం నా పులిహోర, ఆమె సకినాలు పంచుకుని తిని పడుకున్నాం. పొద్దున భుసావల్‌లో టీ, అరటిపళ్లు. నందుర్బార్ దాటాక మళ్లీ పచ్చదనం కనిపించింది. ఉధ్నాలో సగం బోగీ ఖాళీ అయ్యింది. నేను మధ్యాహ్నం సూరత్‌లో దిగి, అక్క చెప్పినట్టే బస్సులు మారి అడాజన్ చేరుకున్నాను. సామాను తక్కువుంటే ఆటో కంటే అదే హాయి.

నర్సయ్య బావ సూరత్ బయట ఉన్న జోల్వాలో సాంచెల మీద పనివాడిగా చేరి మాస్టర్ దాకా ఎదిగిన మనిషి. కొడుక్కి హజీరాలో ఇంజనీరు ఉద్యోగం వచ్చాక అందరూ అడాజన్ ఫ్లాట్‌కు మారారు. కూతురు మౌనిక అత్తారిల్లు మాత్రం జోల్వాలోనే. పాప ఆమెదే, తొట్టెల పండుగ కూడా అక్కడే. ఇప్పుడు బావకు చూపు మందగిస్తోంది. స్టీరింగ్ ముట్టొద్దని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆయన గడప దాటడమే తగ్గించాడని అక్క చెప్పింది. ఎవరినైనా తీసుకుపొమ్మని అడగడం ఆయనకు చిన్నతనం. అందుకే అక్క డ్రైవింగ్ స్కూల్లో చేరింది. కాలనీ రోడ్ల మీద తిరగడం అయింది గానీ, ఊరు దాటి పోవడం ఇదే మొదలు.

ఆదివారం పొద్దున అక్క వేడి వేడి లోచో తెప్పించింది. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, సేవు వేసిస్తారు. సూరత్ వెళ్లినవాళ్లు తినకుండా రావద్దు. తిని, డిక్కీలో తొట్టెల, పాప బట్టలు పెట్టుకుని ముగ్గురం కారెక్కాం. కొడుకు ఆఫీసు పని మీద ముంబై వెళ్లాడు. పన్నెండు లోపే పాపను తొట్టెలలో వేయాలి.

అక్క దండం పెట్టుకుని తాళం తిప్పింది. ముందు లైట్లు వెలిగాయి గానీ ఇంజన్ చప్పుడే లేదు. మళ్లీ తిప్పింది. టిక్కుమని కూడా అనలేదు.

"జర ఆగి తిప్పు," అన్నాడు బావ.

ఆగి తిప్పినా అంతే. ఇంతలో రెండో అంతస్తు జయేష్ భాయ్ చూసి దిగొచ్చాడు. "బ్యాటరీ గయీ, సరోజ్ బెన్," అని తేల్చేసి, తన కారు దగ్గరికి తెచ్చి రెండు బ్యాటరీలకూ కేబుళ్లు తగిలించాడు. ఫలితం లేదు. హారన్ కొడితే వీధి చివరిదాకా వినిపించింది. హెడ్‌లైట్లు ధగధగా వెలిగాయి. అయితే బ్యాటరీ కాదు, స్టార్టరే పోయిందన్నాడు. ఆయన కూడా కూర్చుని తాళం తిప్పి చూశాడు. ఇంజన్ పలకలేదు.

"టాక్సీల పోదాం సరోజా. పొద్దు పోతాంది," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. అలవాటైన నిరాశ ఉంది.

అక్క నన్ను పక్కకు లాగింది. "ఇయ్యాల టాక్సీ ఎక్కితే మీ బావ నా కారు ఇగ ఎక్కడే. పోదామంటే ఏదో ఒకటి జెప్పి ఇంట్లనే కూసుంటడు." కళ్లు తుడుచుకుని మళ్లీ పోయి సీట్లో కూర్చుంది. ఈసారి తాళం ముట్టలేదు. క్లచ్ తొక్కింది, వదిలింది, మళ్లీ తొక్కింది.

"సుజాతా, నిన్న ఈ కాలు ఇంకింత లోపలికి వోయింది."

వంగి చూశాను. నేను వరంగల్లు నుంచి తెచ్చిన చిన్న జంపఖానాను అక్క ముచ్చటపడి రాత్రే కారులో డ్రైవరు సీటు ముందు కాళ్ల కింద పరిచింది. అది ముందుకు జారి, మడతపడి, క్లచ్ పెడల్ కింద చిక్కుకుంది. క్లచ్ పూర్తిగా తొక్కితే తప్ప ఈ కారులో స్టార్టర్ తిరగదు. మేమంతా బానెట్ చుట్టూ నిలబడ్డాం గానీ అక్కడ వెతకలేదు. జంపఖానా లాగేసి తాళం తిప్పితే మొదటిసారికే ఇంజన్ అందుకుంది. జయేష్ భాయ్ కేబుళ్లు చుట్టుకుంటూ పకపకా నవ్వాడు. లైట్లు, హారన్ బాగుండి కారు మాత్రం పలకకపోతే, మెకానిక్‌ను పిలిచే ముందు మీరూ ఒకసారి కాళ్ల దగ్గర చూసుకోండి.

తాపీ వంతెన దాటాం. కడోదరా చౌరస్తాలో పచ్చ సిగ్నల్ పడ్డాక కదిలించబోతే ఇంజన్ ఆగిపోయింది. వెనక లారీలు హారన్ల మోత మోగించాయి. అక్క తాళం మీద చెయ్యి వేసి బావ వైపు చూసింది.

"ఒర్రనియ్యి వాళ్లను," అన్నాడు బావ. "నేను నేర్చుకున్నప్పుడు ఈడనే మూడుసార్లు ఆగింది. మెల్లగ ఇడువు క్లచ్చు."

ఆ మాట ఆమెకు అప్పటిదాకా చెప్పలేదట. అక్క నవ్వింది. కారు కదిలింది.

జోల్వాలో సాంచెల చప్పుడు మధ్య మౌనిక గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "సచ్చీ? నువ్వే నడిపినవా అమ్మా?" అక్క జవాబు చెప్పేలోపే బావ దిగి, ఎదురొచ్చిన వియ్యంకుడితో అన్నాడు: "మా డ్రైవరమ్మ తెచ్చింది." ఆ పూటంతా పాత పనివాళ్లు ఆయన చుట్టూ చేరారు. పాపను వేళకే తొట్టెలలో వేశాం. బావ దాని ముఖానికి బాగా దగ్గరగా వంగి, చాలాసేపు చూశాడు.

మర్నాడు వాళ్లిద్దరూ నన్ను స్టేషన్‌కు తెచ్చి దింపారు. అక్క కారును కాస్త వంకరగానే నిలిపింది. ప్లాట్‌ఫారం మీద బావ నాతో మెల్లగా అన్నాడు: "నాకు రోడ్డు సక్కగ కనబడ్తలేదు మరదలా. మీ అక్క ఎప్పుడు గేరు మారుస్తదో చెవికి తెలుస్తాంది. ఎటు వోతున్నమో సమజైతది."

రైలు బార్డోలీ దాటుతుండగా అక్క ఫోన్ చేసింది. ఇంకా ఇల్లు చేరలేదట. స్టేషన్ నుంచి నేరుగా డుమాస్ సముద్రం దగ్గరికి పోయారట. ఎందుకని అడిగాను.

"ఏమో," అంది. "మీ బావనే పోదామన్నడు."