ఖాళీ అరుగు ముందు ఆగిన కారు

డ్రైవర్ లేకుండా నడిచే కార్లకు రోడ్ల మ్యాపులు తయారుచేయడం నా ఉద్యోగం. ఈ రోజు మధ్యాహ్నం ఖిదిర్‌పూర్‌లోని ఒక సందులో మా కారును పరీక్షిస్తుంటే, ఒక ఖాళీ అరుగు ముందు అదంతట అదే ఆగిపోయింది. వెనక్కి తీసుకెళ్లి మళ్లీ వదిలినా అక్కడే ఆగింది.

మ్యాపు తెరిచి చూశాను. అరుగు అంచున, చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న ఒక ముసలాయన ఆకారం చుక్కలు చుక్కలుగా కనబడింది. మామూలుగా కదిలే మనుషుల్ని సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. చలికాలంలో మేం స్కాన్ చేసిన ప్రతిసారీ ఈయన కదలకుండా కూర్చోవడంతో, స్తంభం అనుకుని ఉంచేసింది. ఇరుకు సందులో అది దారికి అడ్డమనుకుని కారు ఆగుతోంది.

ఆ పరాయి ఊళ్లో నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడడం విని, ఆ ఇంట్లో ఉంటున్న తెలుగావిడ బయటికొచ్చింది. స్క్రీన్ చూడగానే కొంగు తల మీదికి లాక్కుంది.

"మా మావగారు బాబూ. వేసంకాలంలో పోనారు. ఇంకా ఇక్కడే కూకున్నారేటి?"

"లేదమ్మా, ఇది పాత మ్యాపు. ఇప్పుడే తీసేస్తాను."

ఆమె ఒకసారి అరుగు వైపు చూసి లోపలికి వెళ్లింది. చెరిపేశాను. ఈసారి కారు ఆగకుండా వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె బిందెతో అరుగు దిగుతోంది. ఆ ఖాళీ చోటికి ఎడంగా, ఒళ్లు ఒదిగించుకుని దిగింది.

మ్యాపు ఇప్పుడు సరిగ్గా ఉందని ఆఫీసుకి రిపోర్టు పంపాను. సరిగ్గానే ఉందంటారా?